తొక్కుడు బండి పోటీల గెలిచేది పిక్కలు కాదు, లెక్క

"ఇంజనీరింగ్ సదివెటోళ్లకు సైకిల్ పోటీలేందిరా?" అని మొన్న వెల్డింగ్ షాపు కాడ ఒక పెద్దమనిషి నవ్విండు. నేను సుత మొదట్ల గట్లనే అనుకున్న. రూల్స్ సదివినంక సమజైంది, గది పిక్కబలం పోటీ కాదని.

ఏఎస్ఎంఈ అనే అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం, మనిషి బలంతోని నడిచే బండ్ల పోటీలు కాలేజి పిల్లలకు పెట్టింది. మన దేశంల సుత జరిగినయ్. 2018ల తమిళనాడు వెల్లూరు విఐటిల అయింది. ఎస్ఏఈ ఇండియా ఉత్తర విభాగం 2010ల 'ఎఫీసైకిల్' షురూ చేసింది. అందుల మూడు చక్రాల బండి, ఇద్దరు కూసోవాలె, పెడల్‌కు తోడు కరెంటు మోటరు ఉంటది. ఏ పోటీ అయినా బండిని పిల్లలే గీసి, కోసి, అతికి తేవాలె.

లెక్క ఎందుకంటే, మనిషి కాడ ఉన్న బలం తక్కువ. మామూలు మనిషి గంటసేపు తొక్కితే వచ్చేది 100 వాట్లకు అటిటు. పాత సీలింగ్ ఫ్యానే 75 వాట్లు తింటది. 100 సీసీ మోటర్‌సైకిల్ ఇంజను 6 వేల వాట్ల దాక ఇస్తది. మనది అందుల 60ల ఒక వంతు. దానికి తోడు గాలి. స్పీడు రెండింతలైతే గాలిని చీల్చనీకె ఎనిమిదింతల బలం కావాలె. అందుకే చానా బండ్లల్ల ఎన్కకు ఒరిగి, కాళ్లు ముంగటికి చాపి తొక్కుతరు. గాలికి తగిలే ఒళ్లు తగ్గుతది. కెనడా టోడ్ రైకర్ట్ 2016ల అమెరికా నెవాడాల గసొంటి బండికే నున్నటి డొప్ప కప్పి, గంటకు 144 కిలోమీటర్ల స్పీడు అందుకున్నడు. ఇంజను లేకుంట!

స్పీడొక్కటే సాలదు. ఏఎస్ఎంఈ రూల్స్‌ల, 25 కిలోమీటర్ల స్పీడుల బ్రేకేస్తే 6 మీటర్లల ఆగాలె. 8 మీటర్ల రేడియస్‌ల మలగాలె. బోల్తా పడితే తల కాపాడే కమాను సుమారు 270 కిలోల బరువును ఆపాలె. ఆడపిల్లలకు, మగపిల్లలకు స్పీడు రేసులు వేరు. ఓర్పు రేసుల స్పీడ్ బ్రేకర్లు, మలుపులు, సామాను మోసుడు ఉంటయ్. అచ్చం మన ఊరి తొవ్వనే. వీటికి తోడు డిజైన్ రిపోర్టు: గీ పైపే ఎందుకు, గింత మందమే ఎందుకు, ఎట్ల పరీక్ష చేసినవ్?

మనోళ్లకు కష్టమయ్యేది గీడనే అంటున్న. చేతి పనికి కొదువ లేదు; నల్లగొండ, పాలమూరుల ట్రాక్టరు ట్రాలీలు బాగుచేసెటోళ్లు ఎక్కడైనా దొరుకుతరు. చేసుడు వస్తది గని, ఎందుకు చేసినమో రాసుడు అలవాటు లేదు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టును పైసలిచ్చి కొనుక్కుంటే గది ఎన్నటికీ రాదు.

పాత నల్లగొండ జిల్లా ఆలేరు దిక్కు శారాజీపేట చింతకింది మల్లేశం ఆరో తరగతితోనే బడి ఇడిసిండు. ఒక్క చీరెకు ఆసు పోయనీకె అమ్మ చెయ్యి 9 వేల సార్లు ఆడుతుంటే చూసి తట్టుకోలేకపోయిండు. 1992ల మొదలుపెట్టి 1999ల ఆసు యంత్రం పూర్తి చేసిండు. 2017ల పద్మశ్రీ వచ్చింది. ఇంట్ల నొప్పిని పట్టుకుంటేనే గంత ఓపిక వస్తది.

మన దిక్కు గసొంటి నొప్పి ఇంకోటి ఉంది. మర్రిగూడ, మునుగోడు పక్క ఫ్లోరైడ్ నీళ్లతోని కాళ్లు వంకరపోయినోళ్లు ఉన్నరు. నడవలేనోళ్లకు చేత్తో తిప్పే మూడు చక్రాల సైకిలే కాళ్లు. దాంతోని గడ్డ ఎక్కాలంటే ఎన్ని పండ్ల చక్రం కావాలె? మలుపుల బోల్తా పడకుంట సీటు ఎంత కిందికి ఉండాలె? పోటీల అడిగేటియి ఇవే ప్రశ్నలు. చేతులకు కాళ్లంత బలం ఉండదు, కాబట్టి లెక్క ఇంకా గట్టిగుండాలె.

తమ్మీ, చెల్లె, పోటీకి పేరిచ్చే ముందు ఒక పని చెయ్యిండ్రి. మీ ఊర్ల అసొంటి సైకిల్ తిప్పే పెద్దమనిషి కాడికి పోయి, ఆయనను అడిగి టేపు పట్టి కొలువుండ్రి. ఏ గడ్డ కాడ చేతులు గుంజుతయో ఆయన నోటితోనే ఇనుండ్రి. నోట్‌బుక్‌ల రాసుకోండ్రి. మీ డిజైన్ రిపోర్టుకు మొదటి పేజీ గదే.