శంకరాభరణము – కీ సిగ్నేచరు

పాశ్చాత్య సంగీతము నభ్యసింపబూనిన మన విద్యార్థులకు మొదట ఎదురగు చిక్కు కీ సిగ్నేచరు. అయిదు గీతల స్వరలిపిలో, ప్రతి పంక్తి మొదట, క్లెఫ్ అను గుర్తును దాటగనే కొన్ని షార్పులో ఫ్లాటులో గుంపుగా నిలిచియుండును. ఒక పాటకు ఒకటి, వేరొక పాటకు నాలుగు. అనేకులు వీనిని ఎక్కములవలె వల్లించి పరీక్ష దాటుదురు. శ్రుతి మార్చి వాయింపుమనగనే తడబడుదురు. ఈ గుర్తులెందుకు పుట్టినవో తెలిసికొన్నచో ఆ తడబాటు తీరును. శంకరాభరణము నెరిగినవారికి ఇందులో సగము ముందే తెలియును.

పాశ్చాత్యుల మేజర్ స్కేలు, స్వరస్థానములను బట్టి చూచినచో, మన 29వ మేళమగు ధీరశంకరాభరణమే. గమకములును రాగసంచారములును వేరు. మెట్ల వరుస ఒక్కటే. హార్మోనియముపై ఒక మెట్టునుండి, తెల్లదైనను నల్లదైనను, దాని ప్రక్క మెట్టునకు గల దూరమును అర్ధస్వరమందము. అట్టివి రెండు కలిసిన పూర్ణస్వరము. మేజర్ స్కేలులో గాంధార మధ్యమముల నడుమను, నిషాద తారషడ్జముల నడుమను అర్ధస్వరము, తక్కినచోట్ల పూర్ణస్వరము.

మన స్వరలిపిలో షడ్జమునకు స్థిరమైన చోటు లేదు. గాయకుడు ఒకటిన్నర శ్రుతిలో పాడినను, గాయని అయిదున్నర శ్రుతిలో పాడినను వ్రాయునది 'స రి గ మ'లే. పాశ్చాత్యుల అక్షరములు మెట్లను అంటిపెట్టుకొని యుండును. మన ఒకటవ మెట్టు వారికి ఎప్పుడును 'సి', అయిదవ మెట్టు ఎప్పుడును 'జి'. కనుక షడ్జము కదలినపుడు, ఏ అక్షరమును సవరింపవలెనో వారు ముందుగనే చెప్పవలసి వచ్చును. ఆ ముందుమాటయే కీ సిగ్నేచరు.

'సి' షడ్జమైనపుడు అన్నియు తెల్ల మెట్లే, సవరణ అక్కరలేదు. 'జి'ని షడ్జముగా చేసికొందము. జి, ఎ, బి, సి, డి, ఇ వరకు తెల్ల మెట్లు సరిపోవును. ఏడవదగు 'ఎఫ్' తారషడ్జమునకు పూర్ణస్వరము దిగువనున్నది. దానినే వాయించినచో కైశికి నిషాదము పలికి హరికాంభోజి మేళమగును. కాకలి నిషాదము కావలెనన్న నాలుగున్నర మెట్టు, అనగా 'ఎఫ్ షార్పు', తీసికొనవలెను. ఆ స్కేలునకు గల ఒకే షార్పు ఇదియే.

'ఎఫ్' షడ్జమైనపుడు చిక్కు మధ్యమమునకు వచ్చును. తెల్ల మెట్టగు 'బి' ప్రతిమధ్యమమై మేచకల్యాణి పలుకును. దానిని అర్ధస్వరము తగ్గించి, ఆరున్నర మెట్టును 'బి ఫ్లాటు'గా తీసికొన్నచో శంకరాభరణము నిలుచును.

'సి' నుండి బయలుదేరి పంచమమును క్రొత్త షడ్జముగా చేసికొన్న ప్రతిసారి ఒక షార్పు చేరును. అది క్రొత్త స్కేలు యొక్క నిషాదము. మధ్యమమును షడ్జముగా చేసికొన్న ప్రతిసారి ఒక ఫ్లాటు చేరును. అది క్రొత్త మధ్యమము. కావున షార్పులలో చివరిదానికి అర్ధస్వరము పైనున్నదే షడ్జము. ఫ్లాటులలో చివరిదానిని 'మ' యనుకొని 'మ గ రి స' యని దిగినచో షడ్జము దొరకును. ఒక్క జాగ్రత్త వలయును: ధైవతమును ఆధారముగా గొన్న మైనర్ స్కేలునకును ఇదే గుర్తు వాడుదురు. పాట ఏ స్వరముపై విశ్రమించుచున్నదో వినియే నిర్ణయింపవలెను.

ఈ బంధుత్వము మన పెద్దలకు క్రొత్త గాదు. ముత్తుస్వామి దీక్షితులు (1775–1835) పాశ్చాత్యుల బాణీలకు సంస్కృత సాహిత్యమును కూర్చి, శంకరాభరణమున నొట్టుస్వరములను రచించిరి.

విద్యార్థులు హార్మోనియముపై రెండవ మెట్టును షడ్జముగా చేసికొని, చెవినే నమ్మి శంకరాభరణమును ఆరోహించి చూతురు గాక. నాలుగున్నర, ఒకటిన్నర అను రెండు నల్ల మెట్లు తామే చేతికి వచ్చును. పిమ్మట 'డి మేజర్' స్వరపత్రమును విప్పినచో, పంక్తి మొదట ఆ రెండు షార్పులే కనబడును.