కోలుకునేవారి కంచం, ఫోన్ తెరమీది పథ్యం

అన్నం తగ్గించాలనీ, నెయ్యి మానాలనీ, తీపి ముట్టకూడదనీ సామాజిక మాధ్యమాల్లో నిత్యం వినిపించే సలహాలు ఊబకాయంతోనో మధుమేహంతోనో బాధపడే కొందరికి కొంతవరకు వర్తించవచ్చు గాని, ఈటింగ్ డిజార్డర్ నుంచి కోలుకుంటున్న వ్యక్తికి మాత్రం అవే సలహాలు జబ్బు తిరగబెట్టడానికి దారి తీయగలవు. తిండి, బరువు, శరీరాకృతి గురించిన ఆలోచనలు మనిషిని పూర్తిగా వశం చేసుకునే మానసిక రుగ్మతలను ఈ పేరుతో పిలుస్తారు. వీటి చికిత్సలో నిపుణులు సూచించే ఆహారం చాలాసార్లు ఫోన్ తెరమీది పథ్యానికి నేరుగా విరుద్ధంగా ఉంటుంది. రోజుకు ఎక్కువసార్లు తినడం, శక్తి దండిగా ఇచ్చే పదార్థాలను చేర్చుకోవడం, భయంతో మానేసిన తీపిని మళ్లీ రుచి చూడడం అందులో భాగాలే.

ఈ రుగ్మతల్లో వైద్యశాస్త్రం మొదట గుర్తించినది అనోరెక్సియా నెర్వోసా. బరువు పెరుగుతామన్న తీవ్రమైన భయంతో ప్రాణం మీదికి వచ్చేంతగా తిండి తగ్గించివేయడం దీని లక్షణం. పారిస్‌లో చార్లెస్ లాసెగ్, లండన్‌లో విలియం గల్ 1873 ప్రాంతంలో దీన్ని విడివిడిగా వర్ణించారు. అదుపు లేకుండా తిని, తిన్నదాని ప్రభావాన్ని ఎలాగైనా తుడిచివేయాలని తాపత్రయపడే బులీమియా నెర్వోసాను 1979లో జెరాల్డ్ రస్సెల్ వేరు చేసి చూపగా, అటువంటి ప్రయత్నమేమీ లేకుండా పదేపదే అతిగా తిని సిగ్గుతో కుంగిపోయే బింజ్ ఈటింగ్ డిజార్డర్‌కు అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన వర్గీకరణలో స్వతంత్ర స్థానం దక్కింది. ఇవి ఆడపిల్లలకే వస్తాయనీ, బక్కపలచగా ఉన్నవారికే వస్తాయనీ అనుకోవడం పొరపాటు. పురుషుల్లోనూ, చూడడానికి మామూలు బరువుతో ఉన్నవారిలోనూ ఇవి కనిపిస్తాయి.

ఆహారమే మొదటి మందు

ఆకలి మనసును ఎంతగా మార్చివేస్తుందో రెండో ప్రపంచ యుద్ధకాలంలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జరిగిన ప్రయోగం స్పష్టంగా చూపింది. యుద్ధంలో పాల్గొనడానికి మనస్సాక్షి అంగీకరించక నిరాకరించిన వారిలోంచి ఎంపిక చేసిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆన్సెల్ కీస్ బృందం 24 వారాల పాటు మామూలు తిండిలో సుమారు సగమే ఇచ్చింది. అంతకుముందు తిండిని పెద్దగా పట్టించుకోని ఆ యువకులే వంటల పుస్తకాలు చదవడం, ఒక్కో మెతుకును సాగదీసి తినడం, కంచం గురించి తప్ప మరో మాట లేకపోవడం, చిరాకు, దిగులు వంటి లక్షణాలకు లోనయ్యారు. ఆంక్షలు తొలగిన తర్వాత కూడా కొందరికి ఎంత తిన్నా ఆకలి తీరలేదు. రోగిలో మొండితనంగా కనిపించే ప్రవర్తనలో కొంత భాగం ఆకలి కలిగించిన ఫలితమేననీ, శరీరానికి తిండి అందకుండా మనసుకు ఇచ్చే చికిత్స పూర్తిగా పనిచేయదనీ ఈ ప్రయోగాన్ని బట్టి వైద్యులు గ్రహించారు.

అలాగని బాగా చిక్కిపోయినవారికి ఒక్కసారిగా ఎక్కువ తిండి పెట్టడం కూడా ప్రమాదమే. చాలాకాలం పస్తున్న శరీరానికి ఆహారం అందగానే ఇన్సులిన్ పెరిగి, రక్తంలోని ఫాస్ఫేట్, పొటాషియం వంటి లవణాలు కణాల్లోకి వేగంగా చేరిపోవడంతో గుండె లయ తప్పే అవకాశం ఉంది. దీన్నే రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. అందుకే తొలిదశలో ఏం తినాలి, ఎంత తినాలి అన్న నిర్ణయం వైద్య పర్యవేక్షణలోనే జరగాలి.

ఆ దశ దాటాక ప్రధానమైనది క్రమం. ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ రూపొందించిన చికిత్సా పద్ధతిలో రోజుకు మూడు పూటలా భోజనం, మధ్యలో రెండు మూడు సార్లు చిరుతిండి అన్న నియమానికి పునాది స్థానం ఉంది. ఆకలి వేసినా వేయకపోయినా వేళకు తినడం వల్ల పస్తు, అతిభోజనం ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోయే చక్రం తెగుతుంది. కౌమార వయస్కుల విషయంలో, లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రిలో మొదలైన కుటుంబ ఆధారిత చికిత్స వేళకు తినిపించే బాధ్యతను కొంతకాలం తల్లిదండ్రులకే అప్పగించి, పిల్లలు కోలుకునే కొద్దీ క్రమంగా వారికి తిరిగి ఇస్తుంది. రోగికి ప్రతి ముద్దా ఒక నిర్ణయంగా, ప్రతి నిర్ణయమూ ఒక పోరాటంగా ఉన్నప్పుడు, పెద్దలు వడ్డించినది తినడం ఆ భారాన్ని కొంత తగ్గిస్తుంది. ఆ తర్వాత వేపుడు, పూతరేకులు, బిర్యానీ వంటి భయం పుట్టించే పదార్థాలను తక్కువ భయపెట్టేదానితో మొదలుపెట్టి ఒక్కొక్కటిగా తిరిగి అలవాటు చేస్తారు.

తెర చేసే పని

దృశ్యమాధ్యమాల ప్రభావం సామాజిక మాధ్యమాలకు ముందే నమోదైంది. నిండైన శరీరాన్ని మెచ్చుకునే ఫిజీ దీవుల్లోని నాడ్రోగా ప్రాంతానికి 1995లో టెలివిజన్ వచ్చింది. మూడేళ్ల తర్వాత అక్కడి పాఠశాల బాలికల్లో తిండి పట్ల అనారోగ్యకరమైన వైఖరి కనబరిచేవారు 12.7 శాతం నుంచి 29.2 శాతానికి పెరిగినట్లు ఆన్ బెకర్ పరిశోధన తేల్చింది. టెలివిజన్ అందరికీ ఒకే కార్యక్రమం చూపేది. ఫోన్ మాత్రం చూసేవారి బలహీనతను బట్టి వీడియోలను ఏరి చూపుతుంది. ఒక డైట్ వీడియో దగ్గర కాసేపు ఆగితే చాలు, దానివంటివే వరుసగా వస్తాయి. తమ శరీరం పట్ల అసంతృప్తి కలిగినప్పుడు ఇన్‌స్టాగ్రామ్ దాన్ని మరింత పెంచిందని 32 శాతం టీనేజ్ అమ్మాయిలు చెప్పినట్లు ఫేస్‌బుక్ సంస్థ అంతర్గత పరిశోధనలోనే ఉన్న సంగతి 2021లో బయటపడింది. 2025 జూన్‌లో టిక్‌టాక్ అతి సన్నదనాన్ని కీర్తించే ‘స్కిన్నీటాక్’ అన్న హ్యాష్‌ట్యాగ్‌ను నిరోధించింది గాని, ఒక మాటను ఆపితే అక్షరాలు మార్చిన మరో మాట పుట్టుకురావడం ఈ మాధ్యమాల్లో మామూలే.

బాహాటంగా హాని చేసే పోస్టుల కంటే మంచి మాటల్లా కనిపించేవి కోలుకునేవారిని ఎక్కువ తికమకపెడతాయి. ‘శుభ్రమైన తిండి’ పేరుతో ఒక్కో పదార్థాన్నీ మానుకుంటూ పోయే వ్యామోహానికి స్టీవెన్ బ్రాట్‌మన్ 1997లో ఆర్థొరెక్సియా అని పేరు పెట్టాడు. అనోరెక్సియా నుంచి బయటపడుతున్న వ్యక్తి ఈ దారిలోకి జారితే, తగ్గించుకోవడం ఆగదు. దానికి ఆరోగ్యమన్న గౌరవనీయమైన పేరు మాత్రం దొరుకుతుంది. రోజంతా తాము తిన్నదాన్ని చూపించే వీడియోలు వేరొకరి ఎత్తుకు, వయసుకు, జబ్బు దశకు సరిపడే కంచాన్ని చూసేవారికి కొలమానంగా మారుస్తాయి. కోలుకున్నవారు ఆశ కలిగించాలనే పెట్టే ‘అప్పుడు–ఇప్పుడు’ ఫొటోలు సైతం, తాను అంతగా చిక్కిపోలేదు గనుక తనకు చికిత్స అక్కర్లేదన్న తప్పుడు పోలికకు దారి తీయవచ్చు.

కాబట్టి కోలుకునే కాలంలో ఖాతాల ఎంపిక కూడా ఆహార ఎంపికలో భాగమే. డైట్ వీడియోలపై ఆసక్తి లేదని గుర్తు పెట్టడం, పోలికను రేపే ఖాతాలను వదిలేయడం, భోజనం చేసేటప్పుడు ఫోన్ పక్కన పెట్టడం, తెరమీద ఏ సలహా విన్నా చికిత్స చేస్తున్న బృందాన్ని అడగకుండా పాటించకపోవడం మేలు. తెలుగు ఇళ్లలో పలకరింపుగా వాడే ‘చిక్కిపోయావేం’, ‘కాస్త ఒళ్లు చేశావు’ వంటి మాటలు కూడా రోగికి తూకంలాగే వినిపిస్తాయి గనుక బంధువులు వాటిని మానుకోవాలి. ఏకాదశి, కార్తీక సోమవారాల ఉపవాసాలు జబ్బును కప్పిపుచ్చే సాకు కావచ్చు. జబ్బుపడినవారికి రంజాన్ ఉపవాసం నుంచి మినహాయింపు ఉన్నట్లే, వీరికీ ఆ మినహాయింపును ఇంటివారే గుర్తుచేయాలి. ఎవరిని అడగాలో తెలియని కుటుంబాలు 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తూకం యంత్రం చూపే అంకె ఒక్కదానితోనే కోలుకోవడాన్ని నిర్ణయించలేరు. పెళ్లి విందులో పక్కవారి విస్తరితో పోల్చుకోకుండా, మరుసటి పూట పస్తుండాలన్న లెక్క వేసుకోకుండా, తనకు నచ్చినది కడుపునిండా తినగలగడం కూడా అంతే ముఖ్యమైన గుర్తు.