చెట్టు పడితే ఏడేళ్లు!

తుపాను వస్తోందని ముందే తెలుస్తోంది. జనాన్ని తరలిస్తున్నారు. ప్రాణాలు దక్కుతున్నాయి. మరి తోటలు, చెరువులు, మర్నాటి బతుకు? వాతావరణ మార్పును తట్టుకునే ప్రణాళిక ఢిల్లీ నుంచి బయల్దేరి సిక్కోలు, విజయనగరం పల్లెలదాకా ఎంతవరకు వచ్చింది?

2018 అక్టోబరు 11, తెల్లవారుజాము. పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటింది. గంటకు 140 కిలోమీటర్లు దాటిన గాలి. తెల్లారి తలుపు తీసి చూస్తే ఉద్దానం ఉద్దానంలా లేదు. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి... ఎటు చూసినా నేలకొరిగిన కొబ్బరిచెట్లే. జీడితోటలు వేళ్లతో సహా లేచిపోయాయి. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. ఆ వనం ఒక్క రాత్రిలో పోయింది.

ఈ జిల్లాలవాళ్లకి అక్టోబరు 11, 12 తేదీలంటే ఓ గుబులు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటుతూ ఇచ్ఛాపురం వైపు ఊళ్లను ఊపేసింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖను తాకి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలనూ చీకట్లో పడేసింది. ఆ తర్వాత తిత్లీ. 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర గులాబ్. బంగాళాఖాతానికి తుపానులు కొత్త కాదు, నిజమే. కానీ సముద్రం వేడెక్కేకొద్దీ వాటిలో బలమైనవాటి వాటా, వాటితోపాటు కురిసే వాన పెరుగుతాయంటున్నారు శాస్త్రవేత్తలు. శ్రీకాకుళానికి 193 కిలోమీటర్ల తీరం ఉంది. విజయనగరానిది 28 కిలోమీటర్లే. అయినా గాలీ వానా జిల్లా సరిహద్దు చూసి ఆగవు కదా!

ప్రాణాలు దక్కాయి

మెచ్చుకోవాల్సింది ముందు మెచ్చుకోవాలి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో దాదాపు 10,000 మంది చనిపోయారు. అప్పుడు హెచ్చరిక ఊరికి చేరే దారే సరిగ్గా లేదు. 2011లో ఆంధ్రప్రదేశ్, ఒడిశాల్లో మొదలైన జాతీయ తుపాను ముప్పు నివారణ పథకం కింద తీరం వెంట ఆశ్రయ భవనాలు, వాటికి దారులు వేశారు. ఉపగ్రహాలు, రాడార్లు సరేసరి. తిత్లీ అంత గట్టిగా కొట్టినా ప్రాణనష్టం పాత రోజులతో పోలిస్తే చాలా తక్కువ. అంటే, నేర్చుకుంటే వస్తుందన్నమాట.

అయితే మనం నేర్చుకున్నది తుపాను వచ్చే రోజు గురించే. వెళ్లిపోయాక మొదలయ్యే ఏడేళ్ల సంగతి ఇంకా నేర్చుకోలేదు.

ఏడేళ్లని ఊరికే అనలేదు. నాటు రకం కొబ్బరి మొక్క నాటితే కాపుకొచ్చేసరికి ఆరేడేళ్లు. అప్పటిదాకా ఆ ఇల్లు ఎలా నడవాలి? పడిపోయిన చెట్టుకు 1,500 రూపాయల పరిహారమన్నారు. 2019లో వచ్చిన ప్రభుత్వం దాన్ని 3,000 చేసింది. అరవై ఏళ్లు కాసే చెట్టుకు ఇది ఏపాటి? పైగా పరిహారం రైతు హక్కు కాదు, సర్కారు దయ. అసలు కొబ్బరి చెట్టుకు బీమా అనేది ఒకటుందని ఎంతమందికి తెలుసు? కొబ్బరి అభివృద్ధి బోర్డు 2009 ప్రాంతంలోనే మొదలుపెట్టింది. 15 ఏళ్లలోపు చెట్టుకు ఏడాదికి 9 రూపాయలు, ఆ పైబడిన చెట్టుకు 14 రూపాయల చొప్పున ప్రీమియం పెట్టారు. అందులో సగం బోర్డు, పావు వంతు రాష్ట్రం కడితే రైతు వాటా మిగిలిన పావు వంతే. బీమా మొత్తం 900, 1,750 రూపాయలు. చిన్న మొత్తమే. కానీ ఎవరి దయా లేకుండా వచ్చే డబ్బు!

కరెంటు స్తంభాల సంగతీ అంతే. హుద్‌హుద్ తర్వాత ప్రపంచ బ్యాంకు అప్పుతో విశాఖ నగరంలో తీగల్ని భూమిలోకి దించారు. ఉద్దానంలో మాత్రం తిత్లీకి వేల స్తంభాలు పడిపోయాయి. కరెంటు లేక బోర్లు ఆగి, తాగే నీళ్లకు జనం అల్లాడారు.

ఊరి దగ్గరే ఆగింది

కాగితాలకు కొదవ లేదు. 2008లో ఎనిమిది మిషన్లతో జాతీయ కార్యాచరణ ప్రణాళిక వచ్చింది. రాష్ట్రమూ తనదొకటి రాసుకుంది. కలెక్టరు అధ్యక్షతన జిల్లా విపత్తు ప్రణాళిక ఉండాలనీ, దాన్ని ఏటా సరిచూసుకోవాలనీ 2005 నాటి చట్టమే చెబుతోంది. వీటన్నింటిలో తప్పకుండా కనిపించే మాట ‘సామర్థ్య నిర్మాణం’. పల్లెభాషలో చెప్పాలంటే, ఎవరికేం తెలుసు, ఎవరేం చేస్తారు, డబ్బెక్కడిది అన్నది ముందే తేల్చుకోవడం.

ఏ గెడ్డ ఎక్కడ గట్టు తెంచుకుంటుందో, ఏ చెరువు మదుము పాడైందో ఆ ఊరి రైతుకు తెలుసు. ఆ తెలివిడి జిల్లా పుస్తకంలోకి ఎక్కాలి. జిల్లాకు తెలిసింది ఊరికి చేరాలి. తిత్లీనే చూడండి. అందరి కళ్లూ సముద్రం మీదే. తీరా ఒడిశా గజపతి జిల్లాలో, తీరానికి ఎంతో దూరాన, బరఘరా అనే కొండ ఊళ్లో చరియ విరిగిపడి పదిమందికి పైగా చనిపోయారు. ఆ కొండల మీద పడిన వానే వంశధార, మహేంద్రతనయలకు వరదై మన ఊళ్లను ముంచింది. గాలికి తప్పించుకున్న పొలం నీటికి చిక్కింది.

మరి ఊరు సిద్ధం కాగలదా? ఇచ్ఛాపురం దాటితే వచ్చే గంజాం జిల్లాలో వెంకట్రాయ్‌పూర్ అని ఓ మత్స్యకార గ్రామం ఉంది. సునామీకి సిద్ధంగా ఉన్న ఊరని 2020లో యునెస్కో దాన్ని గుర్తించింది. ముంపు పటం గీసుకోవడం, ఎటు వెళ్లాలో దారి బోర్డులు పెట్టుకోవడం, ఊరంతా కలిసి రిహార్సల్ చేయడం... ఇలాంటివన్నీ చూసే ఆ గుర్తింపు ఇస్తారు. సునామీకి పనికొచ్చేది తుపానుకు పనికిరాదా?

విజయనగరం లాంటి మెట్ట ప్రాంతాల్లో చిక్కు వేరు. అక్కడ వాన ఎప్పుడొస్తుందో తెలీదు. 2016లో రాష్ట్రంలో మొదలైన ప్రకృతి వ్యవసాయంలో దానికో ఉపాయముంది. తొలకరికి ముందే, పొడి దుక్కిలో, మట్టీ ఎరువూ పట్టించిన రకరకాల విత్తనాలు చల్లేస్తారు. పేరు నవధాన్య. నేలను పచ్చదనం కప్పితే తేమ నిలుస్తుంది. దీన్ని ఊరూరా తిప్పింది డ్వాక్రా మహిళలు, తోటి రైతులే. ఈ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ బహుమతి వచ్చింది.

2019లో వచ్చిన గ్రామ సచివాలయాల్లో సర్వేయరు, ఇంజినీరింగ్, ఉద్యాన సహాయకులకూ చోటిచ్చారు. పంచాయతీ అభివృద్ధి ప్రణాళికల కోసం దేశవ్యాప్తంగా గ్రామసభలు పెట్టే ఉద్యమం 2018 అక్టోబరు 2న మొదలైంది, తిత్లీకి సరిగ్గా తొమ్మిది రోజుల ముందు. మన ఊళ్లో ఆ సభ పెట్టినప్పుడు ఈసారి రోడ్డు, కాలువ తర్వాత ఇంకో మాట అడగొచ్చు: ఎన్ని కొబ్బరిచెట్లకు బీమా ఉంది, కరెంటు పోతే నీళ్ల ట్యాంకుకు జనరేటర్ ఎవరు తెస్తారు, గెడ్డ పూడిక ఏ నెలలో తీస్తారు?