కారు ప్రయాణంలో ఊఁ కొట్టేదెవరు?

మా అవినాశి నుంచి మదురైకి సుమారు రెండు వందల కిలోమీటర్లు. తిరుప్పూరు, ధారాపురం, ఒట్టన్‌చత్రం, దిండిగల్లు మీదుగా పోవాలి. కాఫీకీ, పిల్లల అవసరాలకూ ఆగుతూ పోతే ఐదు గంటలు పడుతుంది. వెనక సీటులో తొమ్మిదేళ్ళ అబ్బాయి, ఐదేళ్ళ అమ్మాయి ఉంటే ఆ ఐదు గంటలు ఎలా గడుస్తాయో పిల్లలున్న వాళ్ళకు నేను వేరే చెప్పనక్కరలేదు. తిరుప్పూరు దాటకముందే "ఇంకా ఎంత దూరం?" అని పదిసార్లు అడుగుతారు.

పోయిన ఏడాది మదురైలో మా ఆడబిడ్డ ఇంట పెళ్ళికి బయలుదేరే ముందు మా వారు ఒక స్టాండు కొని తెచ్చారు. ముందు సీటు హెడ్‌రెస్టుకు కింద రెండు కమ్ములుంటాయి కదా, వాటికి బిగించేది. దాని చేతుల మధ్య ట్యాబ్‌ను ఇరికిస్తే వెనక కూర్చున్న పిల్లలకు చిన్న సినిమాహాలు సిద్ధం. ఇకనైనా ప్రయాణం హాయిగా సాగుతుందని నేనూ సంతోషించాను.

నిజంగానే హాయిగా సాగింది. ధారాపురం వచ్చినదీ తెలియలేదు, పోయినదీ తెలియలేదు. పిల్లలిద్దరూ బొమ్మల సినిమాలో మునిగిపోయారు. వాళ్ళ పక్కనే మా అత్తమ్మ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. ఒట్టన్‌చత్రం దగ్గర కూరగాయల లారీ ఒకటి అడ్డం వచ్చి, మా వారు గట్టిగా బ్రేకు వేశారు. స్టాండు జారింది, ట్యాబ్ ఊడి అమ్మాయి మోకాలి మీద పడింది. నీలిగా కమిలిందే తప్ప దెబ్బేమీ పెద్దది కాదు. అదే ముఖానికి తగిలి ఉంటే? ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

మదురైలో దిగాక అత్తమ్మ ఒక్క మాటన్నారు. "ఏమ్మా, నన్నెందుకు పిలుచుకొని వస్తిరి? సామాను మాదిరి మూలన కూర్చుంటి."

ఆ మాట నాకు మోకాలి దెబ్బకన్నా గట్టిగా తగిలింది. ఆ సాయంత్రం పెళ్ళింట్లో పెద్దవాళ్ళు మా అమ్మాయిని తెలుగులో పలకరించారు. అది ప్రతి మాటకూ అరవంలోనే జవాబు చెప్పింది. తప్పు దానిది కాదు. బడిలో అరవం, ఇంగ్లీషు. వీధిలో అరవం. ట్యాబ్‌లోనూ ఆ రెండే. తెలుగు వినేది ఇంట్లో, అదీ వాళ్ళ అవ్వ నోట.

విజయనగరం నాటి నుంచీ, 1529లో విశ్వనాథ నాయకుడు మదురైలో పాలన మొదలుపెట్టినప్పటి నుంచీ మన పెద్దలు ఈ నేలకు వస్తూనే ఉన్నారు. ఇన్ని తరాలుగా మన ఇళ్ళలో తెలుగు నిలిచింది బడి వల్ల కాదు, ఎక్కువగా అవ్వల నోటి వల్లే. ఇంటిల్లిపాదీ ఐదు గంటలు ఒకే చోట కూర్చునేది ఈ రోజుల్లో కారులోనే. ఆ ఐదు గంటలనూ మేము చేజేతులా పెట్టెకు అప్పగించాం.

తిరుగు ప్రయాణంలో ట్యాబ్‌ను డిక్కీలో పెట్టాం. దిండిగల్లు దాకా ఒకటే గోల. ధారాపురం దగ్గర గాలిమరలు కనబడగానే అత్తమ్మ "ఎన్నుండాయో తెలుగులో లెక్కపెట్టండి చూస్తాము" అన్నారు. పెద్దవాడు ఇరవై దాకా వచ్చి ఆగిపోయాడు. అత్తమ్మ అందించారు. అవినాశి చేరేటప్పటికి పిల్లలిద్దరికీ యాభై దాకా వచ్చింది.

ఊరు దగ్గర పడుతుండగా మా గుడి కథ మొదలుపెట్టారు. ఐదేళ్ళ పిల్లలిద్దరు చెరువులో స్నానానికి దిగితే ఒకణ్ణి మొసలి మింగింది. కొన్నేళ్ళకు సుందరమూర్తి నాయనారు ఈ వీధిన వస్తుంటే ఒక ఇంట్లో ఒడుగు సంబరం, ఎదురింట్లో ఏడుపు వినబడ్డాయి. సంగతి తెలుసుకొని ఆయన పదికం పాడితే, మొసలి వచ్చి పిల్లవాణ్ణి ఒడ్డున విడిచింది. మింగిన నాటి ఐదేళ్ళవాడిగా కాదు, గడిచిన ఏళ్ళన్నీ కలుపుకొని పెరిగినవాడిగా!

"మొసలి కడుపులో వాడితో ఎవరు మాట్లాడినారవ్వా?" అని అడిగింది మా అమ్మాయి. ఇన్నేళ్ళుగా ఆ కథ వింటున్నాను, నాకెప్పుడూ ఆ ప్రశ్న తోచలేదు.

ఇంతా చెప్పి, స్టాండును పారేశామని అనుకోకండి. కోయంబత్తూరు దాటి కేరళకు రాత్రి ప్రయాణమైతే అది అక్కరకు వస్తుంది. కాని కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. బయలుదేరే ముందు స్టాండును చేత్తో గట్టిగా లాగి చూస్తాం, కదిలితే ట్యాబ్ పెట్టం. అరకిలో బరువైన వస్తువు కూడా బ్రేకు వేసినప్పుడు రాయిలా ఎగురుతుంది. అందుకే స్టాండు పిల్లల ముఖం వైపు పొడుచుకొని రాకుండా, హెడ్‌రెస్టుకు ఆనుకొని ఉండాలి. పిల్లలకు బెల్టు తప్పదు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు బెల్టు గాని, పిల్లల సీటు గాని ఉండాలని, లేకుంటే వెయ్యి రూపాయల జరిమానా అని 2019 నాటి మోటారు వాహనాల సవరణ చట్టం చెబుతోంది.

కళ్ళు కదలని బొమ్మను చూస్తుంటే, చెవి లోపలి భాగం కారు కదలికను పసిగడుతుంది. ఆ రెండింటికీ పొత్తు కుదరకనే వాంతి వస్తుంది. అందుకని మలుపుల దారిలో, కొండ దారిలో ట్యాబ్ కట్టేసి కిటికీలోంచి దూరంగా చూడమంటాం. రెండేళ్ళ లోపు పిల్లలకు తెర అసలే వద్దనీ, ఐదేళ్ళ లోపు వాళ్ళకు రోజుకు గంట మించరాదనీ, పదేళ్ళ లోపు వాళ్ళకు రెండు గంటల లోపే ఉండాలనీ మన దేశపు పిల్లల వైద్యుల సంఘం సలహా. మేము మొదటి గంట కథలకు, ఆ తరువాత ఒక్క సినిమాకు అని పెట్టుకున్నాం.

అత్తమ్మ కథలను ఫోనులో రికార్డు చేసి వినిపిద్దామని మా వారు అన్నారు. ఆమె నవ్వారు. "చెప్పేదానికి ఆ పెట్టె చాలు. ఊఁ కొట్టేదానికి మనిషి కావాల గదా!"

మొన్న మళ్ళీ మదురైకి పోయాం. కారు గుడి వీధి దాటగానే మా అమ్మాయి, "అవ్వా, నేను చెప్తా, నువ్వు ఊఁ కొట్టు" అంది. మొసలి అనబోయి "ముదలై" అంది. అత్తమ్మ దిద్దలేదు. "ఊఁ" అన్నారు. రెండోసారి చెప్పేటప్పుడు అదే "మొసలి" అంది.