బద్ధకం కాదు... థైరాయిడ్ నెమ్మదించింది!

‘తిన్నదంతా ఎటు పోతోందే?’ అని నిరుడు అమ్మ దిగులు పడేది. ఇప్పుడేమో ‘కాస్త తగ్గించి తినమ్మా’ అంటోంది. రెండిటికీ కారణం ఒక్కటే. మెడ ముందు భాగంలో సీతాకోకచిలుకలా ఉండే థైరాయిడ్ గ్రంథి.

నాకొచ్చింది గ్రేవ్స్ వ్యాధి. ఇందులో మన రోగనిరోధక వ్యవస్థే థైరాయిడ్‌ని రెచ్చగొట్టి హార్మోన్లు ఎక్కువగా తయారుచేయిస్తుంది. గుండెదడ, చేతుల వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం... ఎంత తిన్నా బరువు తగ్గడమే. మాత్రలతో అదుపులోకి రాకపోవడంతో డాక్టర్ రేడియో అయోడిన్ ఇచ్చారు. 1941లో బోస్టన్‌లో డాక్టర్ సాల్ హెర్ట్జ్ మొదలుపెట్టిన చికిత్స ఇది. థైరాయిడ్ కణాలు అయోడిన్‌ని లాగేసుకుంటాయి. దాన్లోని రేడియేషన్ ఆ కణాల్నే దెబ్బతీస్తుంది.

దడ తగ్గింది. మూడు నెలలు తిరిగేసరికి సీన్ రివర్స్! ఎండాకాలంలోనూ చలి. పది గంటలు పడుకున్నా లేవబుద్ధి కాదు. మలబద్ధకం, మతిమరుపు, ఊడే జుట్టు, బిగుతైన జీన్స్. ఆఫీసులో ‘ఈమధ్య స్లో అయ్యావేంటి?’ అన్నారు.

నిజంగానే స్లో అయ్యాను. హార్మోన్ తగ్గితే ఒళ్లు శక్తిని ఖర్చుపెట్టే వేగమూ తగ్గుతుంది. గ్రేవ్స్‌కి ఈ చికిత్స తీసుకున్నవాళ్లలో ఎక్కువమందికి చివరికి జరిగేదిదే. అంటే వైద్యం వికటించినట్టు కాదు, డాక్టర్లు ముందే ఊహించేదే.

అసలు చిక్కు రిపోర్టులో వచ్చింది. టీఎస్‌హెచ్ ఇంకా తక్కువే ఉంది. ‘అంటే థైరాయిడ్ ఎక్కువున్నట్టే కదా’ అన్నారు ఇంట్లోవాళ్లు. డాక్టర్ ఫ్రీ టీ4 కూడా చేయించారు. అది బాగా పడిపోయింది! చాలాకాలం హార్మోన్ ఎక్కువగా ఉంటే పిట్యూటరీ గ్రంథి టీఎస్‌హెచ్ విడుదలను బాగా తగ్గించేస్తుంది. మళ్లీ దారిలో పడటానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అందుకే చికిత్స తర్వాత తొలి నెలల్లో టీఎస్‌హెచ్ ఒక్కటే చూస్తే సరిపోదు.

ఇప్పుడు రోజూ లీవోథైరాక్సిన్ వేసుకుంటున్నా. పరగడుపున, మంచినీళ్లతోనే. కాఫీ, టిఫిన్ అరగంట నుంచి గంట తర్వాతే. ఐరన్, కాల్షియం మాత్రలకు 4 గంటల ఎడం. డోసు మార్చితే 6-8 వారాలకు మళ్లీ రక్తపరీక్ష. జుట్టు కోసం బయోటిన్ వాడేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. అది రిపోర్టును తారుమారు చేయగలదు. పిల్లల కోసం ప్లాన్ చేసుకునే అమ్మాయిలు రేడియో అయోడిన్ తర్వాత కనీసం 6 నెలలు ఆగాలి.

ఇక బరువంటారా... పెరిగినదాంట్లో కొంత, జబ్బులో పోయిందే తిరిగొచ్చింది. సన్నబడాలని సొంతంగా డోసు పెంచితే గుండె లయ తప్పొచ్చు, ఎముకలు గుల్లబారొచ్చు.

థైరాయిడ్ చికిత్స తర్వాత మీ ఫ్రెండ్ ఎవరైనా ఇలా డల్ అయితే, ‘జిమ్‌కి వెళ్లు’ అనేముందు ఒక్క మాట అడగండి: ‘ఫ్రీ టీ4 చూపించుకున్నావా?’