మొదటి నిమిషపు పద్దు

బడ్జెట్ సమావేశాలలో చాలా శాఖల పద్దులు చర్చకు నోచుకోకుండానే 'గిలెటిన్' కింద ఆమోదం పొందడం పాఠకులకు తెలిసిన విషయమే. నవజాత శిశువు దేహంలోనూ అటువంటి గిలెటిన్ ఒకటి ఉన్నదని నాకు గొఱ్ఱెపిల్లల మీద జరిగిన పరిశోధనలు చదివిన తరువాతనే తెలిసింది.

గర్భంలోని పిల్లకు ప్రాణవాయువు మాయ నుండి అందుతుంది. ఊపిరితిత్తులకు రక్తం స్వల్పంగానే వెళుతుంది. అధికభాగం అడ్డదారులలో వాటిని తప్పించుకొని పోతుంది. తొలి శ్వాసతో ఊపిరితిత్తుల రక్తనాళాలు విప్పారుతాయని 1950ల దశకంలో ఆక్స్‌ఫర్డ్‌లో జెఫ్రీ డాస్ బృందం గొఱ్ఱెపిల్లలలో చూపింది. కాని ఈ మార్పు వెంటనే స్థిరపడదు. ఊపిరి ఆడకపోయినా, చలి సోకినా ఆ నాళాలు మళ్ళీ ముడుచుకొంటాయి. రక్తం పాత అడ్డదారి పడుతుంది. ప్రాణవాయువు మరింత తగ్గుతుంది.

అప్పుడు దేహం పొదుపు ఆరంభిస్తుంది. చర్మానికి, పేగులకు, మూత్రపిండాలకు కోత విధించి, మెదడుకు, గుండెకు రక్తాన్ని మళ్ళిస్తుంది. ఈ ఏర్పాటు ఎంతోసేపు నిలువదు. పసిగుండె ప్రతి స్పందనకూ అదనంగా తోడగలిగింది తక్కువ. వేగం మీదనే దాని బలం. వేగం మందగించిందా, మెదడుకూ కోత తప్పదు.

నెలలు నిండని గొఱ్ఱెపిల్లలపై ఆస్ట్రేలియా పరిశోధకులు 2013లో ప్రకటించిన ఫలితం గమనింపదగినది. బొడ్డుతాడు బిగించకముందే ఊపిరితిత్తులకు గాలి అందిస్తే గుండె వేగం, మెదడుకు రక్తప్రసరణ నిలకడగా ఉన్నాయి. కారణం సుబోధకమే: తాడు బిగించగానే మాయ నుండి గుండెకు వచ్చే రక్తం ఆగిపోతుంది, ఊపిరితిత్తులు తెరచుకొనే వరకు ఆ లోటు పూడ్చేది లేదు. తక్షణ శ్వాస సహాయం అవసరం లేని శిశువుకు కనీసం ఒక నిమిషమైనా ఆగి తాడు బిగించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుతున్నది. ఆగడానికి ఖర్చు లేదు.

2020 నమూనా నమోదు లెక్కల ప్రకారం మన దేశంలో ప్రతి 1000 సజీవ జననాలకు 20 మంది శిశువులు నెల తిరగకుండానే మరణించారు. ఈ సంఖ్యను 2030 నాటికి పదిలోపునకు దించాలన్నది 2014లో కేంద్రం ప్రకటించిన కార్యాచరణ ప్రణాళిక లక్ష్యం. సగటు అంకెతో మంత్రులు సమాధానం ముగించడం పరిపాటి. సభ్యులు అడుగవలసిన అనుబంధ ప్రశ్న వేరు: ప్రసవపు గదిలో పొడి వెచ్చని గుడ్డ, శ్వాస అందించే సంచి, దానిని వాడనేర్చిన చేయి, ఈ మూడూ ఆ మొదటి నిమిషంలో ఎన్ని ఆసుపత్రులలో సిద్ధంగా ఉన్నాయి? పసిదేహం తన పొదుపు తాను చేసుకొంటుంది. అది ముగిసేలోగా అందుకోవలసిన బాధ్యత ప్రభుత్వానిది.