జ్ఞానమ్మ పెట్టిన బడి

ఆలమూరు పేరు విన్నారు కదా? అనంతపురం దగ్గరి ఊరు. 1715లో ఆ ఊరి రెడ్లు కొందరు క్రైస్తవ మతంలో చేరినారు. ఫ్రాన్సు దేశం నుంచి వచ్చిన ఫాదర్లు వాళ్లకు జ్ఞానస్నానం ఇచ్చినారు. ఆ తర్వాత కరువు వచ్చింది. కరువు మన సీమకు కొత్త కాదు. ఆ కుటుంబాల్లో కొన్ని మూటాముల్లె కట్టుకొని గుంటూరు వైపు వలస పోయినాయి. అట్లా గుంటూరు సీమలో కొన్ని ఊళ్లలో క్రైస్తవ రెడ్ల ఇండ్లు వెలిసినాయి. ఫిరంగిపురం అలాంటి ఊరే.

ఆ ఫిరంగిపురంలో 1822లో ఒక రెడ్ల ఇంట ఆడపిల్ల పుట్టింది. ఆమె పేరు జ్ఞానమ్మ.

జ్ఞానమ్మకు పదేండ్లు వచ్చేసరికి గుంటూరు సీమను పెద్ద కరువు పట్టుకుంది. అది 1832, 1833 నాటి మాట. అప్పుడు ఆ జిల్లాలో సుమారు 5 లక్షల మంది జనం. వాళ్లలో 2 లక్షల మంది చనిపోయినారని లెక్క. అంటే ఐదుగురిలో ఇద్దరు. తల్లీ తండ్రీ పోయిన పిల్లలు ఎంతమంది ఉంటారో మీరే ఆలోచించండి.

జ్ఞానమ్మ పెళ్లయి కీలచ్చేరిలో కాపురం చేసింది. ఈ ఊరు ఇప్పుడు తమిళనాడులో, తిరువళ్లూరు జిల్లాలో ఉంది. ఊరు తమిళ దేశంలో ఉన్నా, అక్కడ స్థిరపడిన రెడ్లు తెలుగువాళ్లు. ఆమెకు ఐదుగురు కొడుకులు. తర్వాత భర్త చనిపోయినాడు.

ఆ కాలంలో మొగుడు పోయిన ఆడమనిషి బతుకు ఎట్లా ఉండేది? శుభకార్యానికి పిలుపు లేదు. ఎదురు వస్తే అపశకునం. ఇంకో మాట కూడా ఉండేది. ఆడపిల్ల అక్షరం నేర్చుకుంటే మొగుడు చస్తాడని భయపెట్టేవాళ్లు. మన అవ్వల కాలం దాకా ఆ మాట పోలేదు.

అట్లాంటి రోజుల్లో ఒక విధవరాలు ఆడపిల్లలకు బడి పెట్టింది. అది 1863వ సంవత్సరం. కడుపున పుట్టినవాళ్లు మగపిల్లలు. బడి మాత్రం ఊళ్లో ఆడపిల్లల కోసం. ఒక్కతే ఎన్నాళ్లు నడపగలదు? ఆమెతో మరికొందరు ఆడవాళ్లు కలిసినారు. ఆ గుంపే ఒక సభ అయింది. ఏసు ప్రభువు తల్లి మరియమ్మ. ఆ మరియమ్మ తల్లి అన్నమ్మ. ఆ అవ్వ పేరే సభకు పెట్టుకున్నారు.

సభ అంటే ఏమిటి? మనం సిస్టర్లు అంటాము. మఠకన్యలు అని కూడా అంటారు. వాళ్లు మూడు మాట్లు ఇస్తారు. పెళ్లి చేసుకోరు. సొంత ఆస్తి ఉంచుకోరు. పెద్దమ్మ చెప్పిన పని చేస్తారు, పంపిన ఊరికి పోతారు. ఒకరి జీతం ఒకరిది కాదు, అంతా ఒకే పెట్టెలోకి పోతుంది. అందుకే ఒక మనిషి పోయినా పని ఆగదు. మన పొదుపు సంఘం నడిపిన వాళ్లకు ఈ సంగతి తొందరగా అర్థమవుతుంది.

జ్ఞానమ్మ 1874లో చనిపోయింది. ఆమె పేరు చెప్పుకొనే సభలు ఇప్పుడు రెండు ఉన్నాయి. ఒకటి మద్రాసులో, ఒకటి ఫిరంగిపురంలో. రెండూ బడులు, హాస్టళ్లు నడుపుతున్నాయి. 2014లో ఆమెను 'దైవ సేవకురాలు' అని ప్రకటించినారు. క్యాథలిక్కుల్లో పునీతురాలి వరసలో అది మొదటి మెట్టు.

సికింద్రాబాదులో సెయింట్ ఆన్స్ అని పెద్ద బడి ఉంది. అది వేరే సభ. ఆ సిస్టర్లు 1871లో ఇటలీ నుంచి ఓడ ఎక్కి వచ్చినారు. సిస్టర్లంటే అందరూ పరాయి దేశం వాళ్లే అనుకుంటాము. జ్ఞానమ్మ మాత్రం మన భాష మనిషి.

ఆమె పోయిన రెండేండ్లకే ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా. మన సీమ ఎండిపోయింది. ఆ కరువులో దిక్కులేని పిల్లల్ని మిషన్ల వాళ్లు చాలామందిని చేరదీసినారు. అనాథ ఇండ్లు అప్పుడే పెరిగినాయి.

ఇప్పుడు పిల్లలు అనాథలై చేరేది తక్కువ. శెనక్కాయ పంట పోయి అమ్మానాన్న బెంగుళూరుకు పనికి పోతే, పిల్లల్ని హాస్టల్లో వదిలి పోతున్నారు. ఏ సభ నడిపినా, ఏ మతం వాళ్లు నడిపినా, అనాథ పిల్లలను ఉంచుకునే ఇంటికి రిజిస్ట్రేషన్ ఉండాలని 2015 నాటి చట్టం చెబుతుంది. ఆ కాగితం చూపించమని అడగండి. అడిగితే తప్పు లేదు. బిడ్డను చూడడానికి ఏ రోజు రావచ్చు, సెలవులకు ఎప్పుడు పంపుతారు, ఇవి రాయించుకోండి. పిల్లలకు ఆపద వస్తే 1098కి ఫోను చేయవచ్చు, దానికి డబ్బు పడదు. చేర్చుకునేటప్పుడు మీ ముందుకు ఒక ఫారం వస్తుంది. వేలిముద్ర వేయకండి. మొత్తం చదివి, సంతకం పెట్టండి.